గ్రనాడాలో మూడు రోజులు: హలాల్ భోజనం, నమాజు వేళలు, మోకాళ్ల నొప్పులున్న అత్తగారు

వాలేకుమ్ సలాం సోదరీ. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మీరు రాసిన ప్రశ్నను రెండుసార్లు చదివాను. అక్టోబరు మూడో వారంలో శుక్రవారం మధ్యాహ్నం మాలగా విమానాశ్రయంలో దిగి సోమవారం ఉదయం తిరుగు ప్రయాణం అవుతామని, మీ దంపతులతో పాటు తొమ్మిదేళ్ల, ఆరేళ్ల పిల్లలు, గుంటూరు నుంచి వచ్చి మీ దగ్గర ఉంటున్న అత్తగారు కూడా వస్తారని, ఆవిడకు మోకాళ్ల నొప్పులని రాశారు. ఈ వ్యవధిలో కోర్దోబా, గ్రనాడా, సెవిల్ మూడింటినీ చుట్టి రావచ్చా, హలాల్ భోజనం దొరుకుతుందా, నమాజుకు ఇబ్బంది పడతామా అన్నవి మీ ప్రశ్నలు. నేను కడప వాడిని. పదకొండేళ్లుగా మాలగాలో ఉంటున్నాను. ఊరి నుంచి ఎవరు వచ్చినా వారిని గ్రనాడాకు తీసుకువెళ్లడం నా వంతు పని అయిపోయింది కాబట్టి, ఎక్కడ ఎవరి కాళ్లు మొరాయిస్తాయో, ఎక్కడ ఎవరు ఆకలితో అలుగుతారో కొంత తెలుసు.

మొదటి ప్రశ్నకు సూటిగా చెబుతాను: మూడు ఊళ్లు వద్దు, ఒక్క గ్రనాడా చాలు. మూడు ఊళ్లకు వెళితే మీ అత్తగారు చూసేది మూడు రైల్వే స్టేషన్లను. కోర్దోబాలోని మహా మసీదు చూడవలసిన కట్టడమే, అందులో సందేహం లేదు. అయితే అది ఇప్పుడు కేథడ్రల్. అందులో ముస్లింలు నమాజు చేయడానికి అనుమతి లేదు. ఎవరైనా మోకరిల్లినా కాపలాదారులు వచ్చి లేపుతారు. ఆ సంగతి ముందే తెలియకుండా పెద్దవాళ్లను తీసుకువెళితే వాళ్ల మనసు చివుక్కుమంటుంది. గ్రనాడాలో అలా కాదు. ముస్లిం పాలన ముగిసిన 1492 తర్వాత ఆ ఊళ్లో మళ్లీ కట్టిన మసీదు ఒకటి ఉంది, నమాజు జరుగుతుంది, దాని తోటలో కూర్చుంటే ఎదుటి కొండ మీద సుల్తానుల పాత కోట, రాజభవనాలైన అల్హంబ్రా కనిపిస్తుంది. విశ్రాంతిగా గడపాలనుకునే కుటుంబానికి, అందులోనూ నడవలేని పెద్దావిడ ఉన్న కుటుంబానికి, నా ఓటు గ్రనాడాకే.

విమానం టికెట్లు ఇంకా కొనలేదని రాశారు. మంచిదే, కొనకండి. ముందు అల్హంబ్రా టికెట్లు చూడండి. రోజుకు ఇంతమంది అనే పరిమితి ఉన్నందువల్ల అవి కొన్ని వారాల ముందే, ఒక్కోసారి నెలల ముందే అయిపోతాయి. ఆ కట్టడాన్ని నిర్వహించే ప్రభుత్వ సంస్థ అధికారిక వెబ్‌సైట్‌లోనే కొనండి. వెతికినప్పుడు పైన కనిపించే మధ్యవర్తుల సైట్లు అదే టికెట్‌కు అదనంగా వసూలు చేస్తాయి. టికెట్ మీద పేరు, పాస్‌పోర్టు నంబరు ఉంటాయి, లోపల ఒకటి కంటే ఎక్కువ చోట్ల అడుగుతారు కాబట్టి, అందరి అసలు పాస్‌పోర్టులూ ఆ రోజు దగ్గరుండాలి. పిల్లలకు ప్రవేశం ఉచితమే, కానీ వారి పేరుతోనూ టికెట్ తీసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యమైనది, లోపల ఉన్న నస్రీద్ వంశపు సుల్తానుల రాజప్రాసాదాలకు టికెట్ మీద ఒక నిర్ణీత వేళ ముద్రించి ఉంటుంది. ఆ అరగంటలో లోపలికి అడుగు పెట్టకపోతే ఆ భాగం పోయినట్టే, ఎంత బతిమాలినా పనికిరాదు. ఆదివారం ఉదయం పదిన్నర వేళకు తీసుకోండి. ఆదివారం దుకాణాలు ఎలాగూ మూసి ఉంటాయి, ఆ పూట కొండ మీద గడిపితే ఏమీ నష్టపోరు. ఇంకో మాట: అక్టోబరు 14తో అక్కడ వేసవి వేళలు ముగుస్తాయి. 15 నుంచి సాయంత్రం ఆరింటికే మూసేస్తారు, కాబట్టి మధ్యాహ్నం వేళ తీసుకుంటే తోటలకు సమయం చాలదు.

ఇక మీ ప్రణాళికకు ఇరుసు వంటి సంగతి చెబుతాను. స్పెయిన్‌లో గడియారం సూర్యుడి కంటే బాగా ముందుంటుంది. దేశం ఉన్న చోటును బట్టి లండన్ సమయం పాటించాల్సింది, పాటించేది బెర్లిన్ సమయం. అందువల్ల మీరు వెళ్లే వారంలో గ్రనాడాలో సూర్యోదయం ఎనిమిదింబావు దాటాక, మధ్యాహ్నపు నమాజు జొహర్ రెండింటికి, సూర్యాస్తమయపు నమాజు మగ్రిబ్ సుమారు ఏడున్నరకు, రాత్రి నమాజు ఇషా తొమ్మిది ప్రాంతంలో వస్తాయి. తెల్లవారుజాము నమాజు ఫజర్‌కు ఏడింటి ప్రాంతంలో లేస్తే చాలు. సాయంత్రపు నమాజు అస్ర్ మీరు పాటించే పద్ధతిని బట్టి అయిదుంబావుకో, హనఫీ లెక్కన ఆరింటికో మొదలవుతుంది. స్పెయిన్‌వారు మధ్యాహ్న భోజనం చేసేది రెండు నుంచి నాలుగు మధ్య. ఆ తర్వాత ఊరంతా తలుపులు వేసుకుని పడుకుంటుంది. సాయంత్రం అయిదున్నరకు మళ్లీ లేస్తుంది. రాత్రి భోజనం తొమ్మిదికి. ఈ రెండు వరుసలను పక్కపక్కన పెట్టి చూడండి. ఉదయం తిరుగుడు, రెండింటికి గదికి వచ్చి జొహర్, భోజనం, కునుకు, సాయంత్రం అస్ర్‌తో మళ్లీ బయటికి, ఇషా ముగించి భోజనం. నమాజు కోసం తిరుగుడును ఆపుకోవలసిన అవసరమే రాదు, ఊరే ఆ వేళకు ఆగిపోతుంది. చాలామంది దీన్ని గమనించక, మధ్యాహ్నం పన్నెండింటికి హోటళ్ల ముందు నిలబడి వంటగది ఎప్పుడు తెరుస్తారా అని చూస్తుంటారు, మూడింటికి మూసిన వీధుల్లో ఎండలో తిరుగుతుంటారు, ఏడింటికి అలసిపోయి గదికి చేరుకుంటారు. అలా వెళ్లివచ్చిన వారే స్పెయిన్‌లో విశ్రాంతి లేదని అంటారు.

ఖస్ర్, అంటే ప్రయాణంలో నమాజు కుదించుకోవడం గురించి మీ మజ్‌హబ్, అంటే మీరు పాటించే ధర్మశాస్త్ర సంప్రదాయం చెప్పినట్టే చేయండి. మన వైపు చాలామంది హనఫీలే కాబట్టి పదిహేను రోజుల లోపు మజిలీలో నాలుగు రకాతుల (ఆవృత్తుల) ఫర్జ్, అంటే విధిగా చేసే నమాజును, రెండుగా కుదించుకుంటారు, రెండు నమాజులను ఒకే వేళలో కలపరు. శుక్రవారం మధ్యాహ్నం విమానం దిగి జుమ్మా సామూహిక నమాజు అందుకోవాలని ఆరాటపడకండి, ప్రయాణికుడికి అది విధి కాదు. విమానాశ్రయంలోనే జొహర్ ముగించుకుని బస్సు ఎక్కండి. ఖిబ్లా, అంటే నమాజులో తిరిగి నిలబడే మక్కా దిక్కు విషయంలో మాత్రం మీ అత్తగారికి ముందే చెప్పండి. గుంటూరులో జీవితమంతా పడమటికి తిరిగి నిలబడిన మనిషి ఆవిడ. గ్రనాడాలో మక్కా తూర్పు దిక్కున, కాస్త దక్షిణానికి ఒరిగి ఉంటుంది. మా అమ్మ వచ్చినప్పుడు మొదటి రోజు ఫజర్‌కు చీకట్లో తనంతట తానే లేచి, అలవాటు చొప్పున పడమటి గోడకు తిరిగి నమాజు చాప (జానమాజు) పరుచుకుంది. నేను వెళ్లి మెల్లగా తిప్పితే, సూర్యుడు వచ్చే వైపుకా అని రెండుసార్లు అడిగి గాని నమ్మలేదు.

బస విషయానికి వస్తే, అల్బైసిన్ కొండ మీది తెల్లటి ఇళ్ల ఫొటోలు చూసి అక్కడ గది తీసుకోకండి. అది అందమైన పేట, 1994లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. కానీ ఆ సందుల్లో గులకరాళ్లు పరిచి ఉంటాయి, చాలాచోట్ల కారు వెళ్లదు, సూట్‌కేసు చక్రాలు మొదటి మలుపులోనే విరుగుతాయి. కింద ప్లాసా నువేవాకూ బిబ్-రంబ్లా కూడలికీ మధ్య, నేల చదునుగా ఉన్నచోట, చిన్న వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. లిఫ్టు ఉందా అని రాతపూర్వకంగా అడగండి. లిఫ్టును అక్కడ అసెన్సోర్ అంటారు. పాత భవనాల్లో నేల అంతస్తుకూ మొదటి అంతస్తుకూ మధ్య లెక్కలోకి రాని మరో అంతస్తు ఉండటం మామూలే కాబట్టి, మొదటి అంతస్తే కదా అని ఒప్పుకుంటే ఆవిడ నలభై మెట్లు ఎక్కవలసి రావచ్చు. కారు అద్దెకు తీసుకోవద్దు. ఊరి నడిబొడ్డు వీధుల్లోకి అనుమతి లేని వాహనం వెళితే కెమెరా పట్టుకుంటుంది, జరిమానా ఇంటికి వస్తుంది. మాలగా నుంచి గ్రనాడాకు బస్సులో రెండు గంటల లోపే, విమానాశ్రయం నుంచి నేరుగా వెళ్లేవి కూడా కొన్ని ఉన్నాయి. గ్రనాడా బస్టాండు ఊరికి కొంచెం దూరం కాబట్టి అక్కడి నుంచి టాక్సీ తీసుకోండి.

ఇప్పుడు భోజనం. దీని మీదే కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే గ్రనాడాలో హలాల్ దొరకడం కష్టం కాదు, హరాం తప్పించుకోవడమే కష్టం. ప్లాసా నువేవా దగ్గర మొదలయ్యే ఎల్విరా వీధి, దాని నుంచి కొండ మీదికి ఎక్కే కాల్దెరెరియా సందు మొరాకోవారి పేట. టీ కొట్లు, తోలు సామాను కొట్లు, భోజనశాలలు వరుసగా ఉంటాయి. తాజీన్ అనే మట్టిపాత్రలో ఉడికించిన మేక లేక గొర్రె మాంసం, కుస్‌కుస్, శనగలూ మసూర్ పప్పూ టమాటాతో చేసే హరీరా చారు, కోడిమాంసాన్ని పలుచని పొరల్లో చుట్టి పైన పంచదార, దాల్చినచెక్క పొడి చల్లే పస్తేలా దొరుకుతాయి. హలాల్ అని బోర్డు ఉన్నంత మాత్రాన చాలదనుకుంటే మాంసం ఎక్కడిదని, సర్టిఫికెట్ ఉందా అని అడగండి. అక్కడ ఆ ప్రశ్న ఎవరికీ వింత కాదు. స్పెయిన్‌లో హలాల్ అన్న మాటకు 1992 నాటి చట్టంలోనే గుర్తింపు ఉంది, కోర్దోబాలో ఉన్న హలాల్ సంస్థ ముద్ర ప్యాకెట్ల మీద కనిపిస్తుంది. హలాల్ మాంసం వండుతూనే బీరు అమ్మే చోట్లు కూడా ఉన్నాయి కాబట్టి, అది మీకు పట్టింపు అయితే గుమ్మంలోనే మెనూ చూసుకోండి. టీ కొట్లలో సాధారణంగా మద్యం ఉండదు, మధ్యాహ్నం మూసేయరు కూడా. శుక్రవారం సాయంత్రం మీరు అలసిపోయి చేరినప్పుడు, స్పానిష్ భోజనశాలల వంటగదులు ఇంకా తెరవని వేళలో, పిల్లల ఆకలి తీర్చేది ఆ సందే. మొరాకో వంటలో కారం ఉండదు. మీ అత్తగారి కోసం ఒక చిన్న సీసా ఆవకాయ సర్దుకోవడం మరిచిపోవద్దు.

మామూలు స్పానిష్ హోటల్లో తినాలనుకున్నప్పుడే జాగ్రత్త అవసరం. నేను ఈ దేశానికి వచ్చిన కొత్తలో ఒక భోజనశాలలో, సిన్ కార్నే, అంటే మాంసం లేకుండా, అని స్పష్టంగా చెప్పి చిక్కుడు గింజల కూర తెప్పించుకున్నాను. పచ్చగా, నూనె తేలుతూ వచ్చింది. గరిటె పెట్టి కలిపితే అడుగున గులాబీ రంగు ముక్కలు, గోరంత చిన్నవి, అంచున తెల్లటి కొవ్వు. ఇది మాంసం కాదా అని అడిగితే, వడ్డించిన పెద్దాయన నిజాయితీగానే ఆశ్చర్యపోయి, కాదండీ, అది హమోన్ అన్నాడు. ఆయన మోసం చేయలేదు. ఇక్కడ చాలామంది మనసులో కార్నే అంటే కోసి వండిన మాంసపు ముక్క. ఉప్పులో ఊరబెట్టి ఎండబెట్టిన పంది తొడ, హమోన్, మన కరివేపాకులా వంటకు వాసన కోసం వేసే వస్తువు. కాబట్టి ఎప్పుడూ మూడూ కలిపి చెప్పండి: సిన్ కార్నే, సిన్ హమోన్, సిన్ కాల్దో దె కార్నే. మాంసం వద్దు, హమోన్ వద్దు, మాంసపు రసం వద్దు అని. సెర్దో అంటే పంది, తోసీనో అంటే పంది కొవ్వు, మంతేకా అంటే సాధారణంగా పంది నెయ్యి. పండుగ మిఠాయిలైన మంతెకాదో, పొల్వొరోన్‌లు ఆ నెయ్యితోనే చేస్తారు. విచిత్రం ఏమిటంటే తోసీనో దె సియేలో అనే మిఠాయిలో ఆ పేరే ఉన్నా పంది కొవ్వు ఉండదు, గుడ్డు పచ్చసొన, పంచదార పాకం మాత్రమే.

గ్రనాడాలో ఇంకో ఆచారం ఉంది. బారులో ఏ పానీయం అడిగినా దానితో పాటు ఒక చిన్న పళ్లెంలో తాపా అనే చిరుతిండి ఉచితంగా పెడతారు. మీరు నారింజ రసమే అడిగినా వస్తుంది, అందులో చాలాసార్లు హమోన్ ఉంటుంది. పానీయం చెప్పేటప్పుడే మాకు తాపా వద్దనో, జున్ను పెట్టమనో చెప్పండి. మోస్తో అనే ద్రాక్షరసం మద్యం కాదని చాలా పుస్తకాల్లో ఉంటుంది, కానీ ఈ అందలూసియా ప్రాంతంలో కొత్తగా పులిసిన వైన్‌ను కూడా అదే పేరుతో పిలుస్తారు కాబట్టి దాని జోలికి వెళ్లకండి. చల్లటి గస్పాచో సూప్ ఫర్వాలేదు. చిక్కటి సల్మొరేహో అయితే పైన హమోన్ తురుము లేకుండా అడగాలి. నారింజ తొనలు, ఉప్పుచేప, ఆలివ్ కాయలతో చేసే రెమొహోన్ ఈ ఊరి సొంత వంట, మీకు సరిపోతుంది. వంకాయ ముక్కలు వేయించి చెరకు పానకం పోసే వంట పిల్లలకు నచ్చుతుంది. పిండిలో బీరు కలిపారేమో అడగండి. వేయించిన చేపలు బాగుంటాయి. అయితే హమోన్ క్రొకెతాలు (వేయించిన ఉండలు) వేగిన నూనెలోనే వాటినీ వేస్తారు కాబట్టి వేరే మూకుడు ఉందా అని అడగడం మీ ఇష్టం మీద ఉంటుంది. స్క్విడ్, ఆక్టోపస్ లాంటివి హనఫీ పద్ధతిలో తినరు కదా, మెనూలో కలమార్, పుల్పో అని కనిపిస్తే అవే. సాక్రొమోంతే ఆమ్లెట్ అని పేరు చూసి ఆశపడకండి, అందులో మెదడు మొదలైన అంగాలు వేస్తారు.

ఉదయపు ఫలహారానికి ఏ బెంగా లేదు. కాల్చిన రొట్టె మీద తురిమిన టమాటా, ఆలివ్ నూనె, కాస్త ఉప్పు వేసుకుని తినడం ఇక్కడి అలవాటు. కోన్ తొమాతే అంటే చాలు, వస్తుంది. పిల్లలకు చుర్రోలు, అంటే నూనెలో వేయించిన పిండి కడ్డీలు, చిక్కటి చాక్లెట్. శని, ఆదివారాల్లో ఒక పూట మీరే వండుకున్నా, తొమ్మిది తర్వాత బయట భోజనం కోసం పిల్లల్ని మేలుకోబెట్టవలసిన పని ఉండదు.

శనివారం ఉదయం కింది ఊరు చూడండి. పదింటికి బయలుదేరితే చాలు. అల్కైసెరియా ఒకప్పటి పట్టు బజారు. 1843లో కాలిపోయింది, ఇప్పుడు ఉన్నది ఆ తర్వాత కట్టినది, అమ్మేవి జ్ఞాపికలు, అక్కడ పావుగంట చాలు. దానికి దగ్గరలోనే ఉన్న మద్రసా కట్టడం దగ్గర మాత్రం తొందరపడకండి. 1349లో సుల్తాన్ మొదటి యూసుఫ్ స్థాపించిన విద్యాలయం అది, నేడు గ్రనాడా విశ్వవిద్యాలయం అధీనంలో ఉంది. లోపలి నమాజు గది గోడల సున్నపు చెక్కడం ఇంకా మిగిలి ఉంది. ఎదురుగా ఉన్న రాజ ప్రార్థనాలయంలో క్రైస్తవ రాణి ఇసబెల్, రాజు ఫెర్నాందోల సమాధులున్నాయి. 1492 జనవరి 2న చివరి సుల్తాన్ బోఅబ్దిల్ నుంచి ఊరిని స్వాధీనం చేసుకున్నది వారే. మత స్వేచ్ఛ ఇస్తామన్న ఒప్పందం మీద ఊరు అప్పగించారు; పదేళ్లు తిరగకుండానే బలవంతపు మతమార్పిడులు జరిగాయి. మీ తొమ్మిదేళ్ల అబ్బాయి మసీదులన్నీ ఏమయ్యాయని తప్పకుండా అడుగుతాడు, ఆ మాట చెప్పడానికి ఇదే చోటు. ఊరిని పట్టుకున్న రోజును ఏటా జనవరి 2న ఇప్పటికీ ఉత్సవంగా జరుపుతారు. అందుకే మనవాళ్లు ఎవరైనా నూతన సంవత్సరపు సెలవులకు వస్తామంటే మరో తేదీ చూసుకోమని చెబుతాను.

అక్కడి నుంచి దారో ఏటి పక్కన నడిస్తే బన్యువేలో అనే పాత స్నానశాల వస్తుంది. నేల అక్కడక్కడ ఎగుడుదిగుడే కానీ ఎక్కుడు లేదు, మీ అత్తగారు నెమ్మదిగా నడవగలరు. గుమ్మటం నిండా నక్షత్రాల ఆకారంలో కోసిన రంధ్రాల గుండా వెలుతురు కిందికి పడుతుంది. అది చూడటానికి మాత్రమే. అరబ్బు స్నానాలంటూ ప్రకటనల్లో కనిపించే కొత్త స్నానశాలల్లో సాధారణంగా ఆడా మగా ఒకే కొలనులో ఈత దుస్తులతో దిగుతారు. డబ్బు కట్టక ముందే ఆ సంగతి తెలిసి ఉండటం మంచిది.

సాయంత్రం అయిదున్నరకు సి31 అనే చిన్న ఎర్ర బస్సు ఎక్కండి. ప్లాసా నువేవా నుంచి అల్బైసిన్ సందుల్లోకి, గోడలను రాసుకుంటుందా అన్నట్టు వెళుతుంది, పిల్లలకు అదొక్కటే ఒక వినోదం. సాన్ నికోలాస్ దగ్గర దిగితే జనమంతా ఒకే గోడ మీద కూర్చుని అల్హంబ్రాను ఫొటోలు తీస్తుంటారు. జేబుదొంగలు తిరిగేదీ అక్కడే. మీరు ఆ గుంపును దాటి పక్కనే ఉన్న మసీదు తోటలోకి వెళ్లండి. 2003 జూలైలో తెరిచిన మసీదు ఇది; స్థలం కొన్నప్పటి నుంచి కట్టడం పూర్తయ్యే దాకా ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. తోటలోకి అన్ని మతాలవారినీ నిర్ణీత వేళల్లో రానిస్తారు. ఎదుట అదే అల్హంబ్రా, వెనుక సియెర్రా నెవాదా పర్వతాలు, మధ్యలో నీటి చప్పుడు. గుంపు మాత్రం ఉండదు. అస్ర్ అక్కడ చదువుకుని మగ్రిబ్ దాకా ఉండండి. నేను ఉన్న రోజున ముఅజ్జిన్ మైకు లేకుండా మీనారు మీది నుంచి అజాన్ ఇచ్చాడు, కింద గిటారు వాయిస్తున్న కుర్రాడు ఆ కాసేపు తీగల మీద చేయి ఆనించి ఊరుకున్నాడు. ఆడవారి చోటు ఎటో లోపల ఎవరినైనా అడగండి, చాలామందికి స్పానిష్‌తో పాటు ఇంగ్లీషు వస్తుంది. ఇమామ్ వెనుక జమాఅత్‌లో చదివితే ఖస్ర్ లెక్క వర్తించదని మీవారికి గుర్తు చేయండి, ఇమామ్ ఎన్ని రకాతులు చదివిస్తే అన్నీ చదవాలి.

ఆదివారం అల్హంబ్రాకు అందరూ కలిసి టాక్సీలో వెళ్లండి. నడిచి ఎక్కే గోమెరెస్ వాలు నీడగా, బాగానే ఉంటుంది కానీ మోకాళ్లకు కాదు. లోపల మొత్తం తిరిగితే సుమారు మూడు కిలోమీటర్లు నడవాలి, కాబట్టి అన్నీ చూడాలన్న పట్టుదల మీ అత్తగారి విషయంలో వదిలేయండి. ఆవిడకు నస్రీద్ ప్రాసాదాలు, వాటిని ఆనుకుని ఉన్న పార్తల్ తోట చాలు. మెట్లు ఎక్కువగా ఉన్న అల్కసాబా కోట బురుజులను మీవారు పిల్లలతో వెళ్లి చూసి వస్తారు. ఆ లోపు మీరిద్దరూ అయిదవ చార్లెస్ భవనంలో నీడన కూర్చోవచ్చు. 1527లో ఆ రాజభవనాల మధ్య తెచ్చి పెట్టిన ఆ గుండ్రటి ప్రాంగణం నా కంటికి ఎప్పుడూ అతకలేదు. కానీ ప్రవేశం ఉచితం, మరుగుదొడ్లు దగ్గరే, కూర్చోవడానికి చోటుంటుంది. మరుగుదొడ్లలో నీటి గొట్టం ఉండదు కాబట్టి చిన్న ప్లాస్టిక్ సీసా ఒకటి సంచిలో ఉంచుకోండి. ఒక్కసారి ప్రాసాదాల నుంచి బయటికి వస్తే తిరిగి లోపలికి పోనివ్వరు, అందుకని లోపల ఉన్నప్పుడే నెమ్మదిగా చూడండి.

గైడును పెట్టుకోవాలా అంటే, మీ ఇంట్లోనే ఒక గైడు ఉన్నారు, మీ అత్తగారే. మా అమ్మ బడికి వెళ్లింది అయిదో తరగతి దాకే. అరబ్బీ మాత్రం కడపలో చిన్నప్పుడు మౌల్వీ సాబ్ దగ్గర ఖురాన్ చదవడానికి నేర్చుకుంది. నస్రీద్ ప్రాసాదాల్లోని మిర్తిల్ ప్రాంగణంలో పెద్ద చదువులు చదివిన మేమందరం గోడ వైపు డిజైను అనుకుని చూస్తుంటే, ఆవిడ కళ్లజోడు సర్దుకుని, గోడకు జానెడు దూరం దాకా వెళ్లి, వేలు తగలకుండా గాలిలో గీస్తూ, వ...లా...గాలిబ... అని కూడబలుక్కుని, ఇల్లల్లాహ్ అని గట్టిగా పూర్తి చేసింది. అల్లాహ్ తప్ప విజేత లేడు. నస్రీద్ సుల్తానుల నినాదం అది, ఆ గోడల మీద లెక్కలేనన్ని సార్లు ఉంటుంది. ఆ తర్వాత ప్రతి గదిలోనూ పిల్లలు దాన్ని వెతికే ఆటలో పడ్డారు, మాకు రెండు గంటలు ఎలా గడిచాయో తెలియలేదు. రాయబారుల మందిరంలో మాత్రం తల ఎత్తి చూడమనండి. ఏడు ఆకాశాలను తలపించే ఆ చెక్క పైకప్పు కింద చుట్టూ ఖురాన్‌లోని సూరా ముల్క్ అధ్యాయం చెక్కి ఉంది. రోజూ రాత్రి పడుకునే ముందు ఆ సూరా చదివే అలవాటు మీ అత్తగారికి ఉంటే, ఇక వేరే వివరణ అక్కర్లేదు. సింహాల ప్రాంగణంలో పన్నెండు పాలరాతి సింహాలు మోసే తొట్టి అంచున ఇబ్న్ జమ్రక్ కవిత ఉంది. కవి ఆస్థానంలో మంత్రి కూడా. కోణాలతో రాసిన కూఫీ లిపి మాత్రం పెద్దవాళ్లకూ సులభంగా అందదు, అందుకు నొచ్చుకోవద్దని చెప్పండి.

అల్హంబ్రాను ఆనుకుని ఉన్న సుల్తానుల విడిది, హెనెరాలీఫె తోటలకు వెళ్లే ఓపిక మిగిలితే వెళ్లండి, లేకపోతే మానేయండి. వెళితే మధ్యలో పారే కాలువను చూపించి దాన్ని అసేకియా అంటారని పిల్లలకు చెప్పండి, అది అరబ్బీ మాటే. చెట్టున కనిపించే పండును నరాన్హా అంటారు. మన దేశం నుంచి పర్షియన్, అరబ్బీల మీదుగా ఇక్కడికి చేరిన మాట అది, మన నారింజకు చుట్టమే. ఒంటిగంటన్నరకు బయటపడి టాక్సీలో దిగితే జొహర్‌కు గదిలో ఉంటారు. సాయంత్రానికి ఏమీ పెట్టుకోకండి. దారో పక్కన కాసేపు నడిచి, కొండ మీద దీపాలు వెలిగాక పుదీనా టీ తాగి వచ్చేయండి.

సోమవారం విమానం పదకొండు లోపు అయితే గ్రనాడా నుంచి ఉదయం బస్సు మీద ఆధారపడకండి. ఆదివారం రాత్రే మాలగాకు వచ్చి విమానాశ్రయం దగ్గర పడుకోవడం మేలు. మధ్యాహ్నం తర్వాతి విమానం దొరికితే, ఫజర్ చదువుకుని, చీకటి విడుతుండగా టమాటా రొట్టె తిని, తొమ్మిదింటి బస్సుకు తీరిగ్గా వెళ్లవచ్చు. ప్రాసాదాల టికెట్ ఏ తేదీకి దొరికిందో చెప్పండి, విమానం ఏ పూటది తీసుకోవాలో అప్పుడు చూద్దాం.